కరాచీ నుంచి మద్రాసుకు, వయా బళ్లారి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఎలాగూ చాలామంది ఉంటారు, నేను కాస్త చరిత్ర రాస్తానన్నాను. వృత్తిరీత్యా నేను సివిల్ ఇంజనీరును. పాతికేళ్లుగా విమానాశ్రయాల్లో రన్‌వేలు, టాక్సీవేలు వేయించే పనిలో ఉన్నాను. ఆ పనిలో ఉండగా చదివి, విని పోగుచేసుకున్న సంగతుల్లో ఒకటి మన ప్రాంతానికీ సంబంధించింది. దాన్ని మన బడి వాళ్లతో పంచుకోవడం కంటే మంచి సందర్భం రాదనిపించింది.

మన గుంతకల్లు చుట్టుపక్కల ఒక అలవాటు ఉంది. ఫలానా ఊరు ఎంత దూరం అని అడిగితే ఎవరూ కిలోమీటర్లు చెప్పరు. "రైల్లో అయితే గంట, బస్సుకైతే రెండు గంటలు" అంటారు. ప్రయాణానికి కావలసింది కాలం లెక్కే కాబట్టి ఆ జవాబు సరైందే. అయితే ఆ గంటలు ఎలా తేలతాయి? బండి ఎంత వేగంగా పోతుందన్న దాన్ని బట్టే తేలతాయని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అది లెక్కలో ఒక వంతేనని కరాచీ - మద్రాసు విమాన మార్గం కథ చదివాక బాగా అర్థమైంది.

ఉత్తరాలు మన స్టేషను మీదుగా వెళ్లిన రోజులు

ఇంగ్లండు నుంచి ఇండియాకు విమానంలో టపా రావడం 1929లో మొదలైంది. ఆ ఏడాది మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండన్ - కరాచీ సర్వీసు ప్రారంభించారు. ప్రయాణం ఏడు రోజులు. మధ్యలో కొంత దూరం రైలు కూడా ఎక్కాలి. అయినా ఓడలో రెండు వారాలకు పైగా పట్టే ఉత్తరం వారంలో వచ్చేయడం అప్పటికి పెద్ద వింత.

చిక్కల్లా కరాచీ తర్వాతే. దక్షిణాదికి రావలసిన ఉత్తరం అక్కడ విమానం దిగి రైలెక్కేది. బొంబాయి చేరి, అక్కడి నుంచి పూనా, రాయచూరు, గుంతకల్లు, కడప మీదుగా మద్రాసు వెళ్లేది. బొంబాయి వైపు నుంచి వచ్చిన జి.ఐ.పి. రైలుమార్గం, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. అప్పటి నుంచి ఈ రెండు మహానగరాల టపా అంతా మన స్టేషను మీదుగానే నడిచింది. లండన్ నుంచి కరాచీ దాకా ఆకాశంలో ఎగిరొచ్చిన ఉత్తరం, మిగిలిన దూరం బొగ్గు ఇంజను వెనకాల రోజుల తరబడి ప్రయాణం చేసేది. ముందు సంపాదించిన కాలమంతా ఇక్కడ ఖర్చయిపోయేది.

ఈ లోటును గమనించినవాడు నెవిల్ విన్సెంట్. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చిన పైలట్. ఇండియాలో ఊరూరా తిరిగి విమాన విన్యాసాలు చూపిస్తూ, డబ్బు తీసుకుని జనాన్ని విమానం ఎక్కించేవాడు. కరాచీ నుంచి బొంబాయి మీదుగా మద్రాసుకు టపా విమానం నడపాలన్న ఆలోచనతో ఆయన టాటాల దగ్గరకు వెళ్లాడు. అప్పటికి జె.ఆర్.డి. టాటా పాతికేళ్ల యువకుడు. 1929 ఫిబ్రవరిలో ఈ దేశంలో ఇచ్చిన మొదటి పైలట్ లైసెన్సు ఆయనదే, నంబరు 1. ఆలోచన ఆయనకు వెంటనే నచ్చింది. కానీ సంస్థ అధిపతి దొరాబ్జీ టాటాను ఒప్పించడానికి, ఆ తర్వాత ప్రభుత్వం సరే అనడానికి మూడేళ్లు పట్టింది. ప్రభుత్వం సబ్సిడీ ఏమీ ఇవ్వలేదు. టాటాలు సుమారు రెండు లక్షల రూపాయల పెట్టుబడితో, రెండు చిన్న విమానాలతో పని మొదలుపెట్టారు.

1932 అక్టోబరు 15

ఆ రోజు ఉదయం ఆరున్నర ప్రాంతంలో కరాచీ ద్రిగ్ రోడ్ విమానాశ్రయం నుంచి జె.ఆర్.డి. టాటా ఒక్కరే పస్ మాత్ అనే విమానంలో టపా సంచులతో బయలుదేరారు. ఒకే ఇంజను ఉన్న తేలికపాటి యంత్రం అది. గంటకు సుమారు 100 మైళ్ల వేగం. లోపల రేడియో లేదు. దారి చూపే సంకేతాలు కింద లేవు. రాత్రిపూట దిగడానికి దీపాలు లేవు. దిక్సూచి, పటం, కిందికి చూస్తే కనబడే రైలుపట్టాలు, నదులు, సముద్రపు ఒడ్డు, అంతే.

అహ్మదాబాదులో పెట్రోలు కోసం దిగారు. అక్కడికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. ఆకాశయానానికి ఇంధనం ఎడ్లబండి మీద రావడం ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, ఒక విమానాశ్రయం పనిచేయాలంటే నేల మీద ఎన్ని ఏర్పాట్లు కావాలో తెలిసిన నాకు ఆ ఎడ్లబండి మీద గౌరవమే. ఆ బండి గంట ఆలస్యమైతే విమానమూ గంట ఆలస్యమే.

మధ్యాహ్నం రెండు లోపే బొంబాయి జుహూలో దిగారు. జుహూ అంటే అప్పటికి సముద్రం పక్కన చదునైన మట్టి నేల. వానాకాలంలో ఆ నేల బురదయ్యేది. అందుకని ఆ నెలల్లో విమానాలను పూనాకు తరలించేవారు. బొంబాయిలో టపా సంచులు రెండో విమానంలోకి మారాయి. దాన్ని విన్సెంట్ నడిపారు. ఆయన దారి బళ్లారి మీదుగా. మర్నాడు, అంటే అక్టోబరు 16న, ఉత్తరాలు మద్రాసు చేరాయి.

మన ప్రాంతం వాళ్లకు బళ్లారి పరాయి ఊరు కాదు. పెళ్లి బట్టలకైనా, పెద్ద జబ్బు చేసినా మా ఇంట్లో ముందు గుర్తొచ్చే ఊరు అదే. 1932లో బళ్లారి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. టాటాలు బళ్లారినే ఎందుకు ఎంచుకున్నారన్నది పటం చూస్తే తెలుస్తుంది. బొంబాయి నుంచి మద్రాసుకు గీత గీస్తే ఆ గీతకు దగ్గరలో, పస్ మాత్ ఒక్క ఊపులో చేరగల దూరంలో ఉన్న పెద్ద ఊరు అది. బొంబాయి నుంచి సుమారు 615 కిలోమీటర్లు, మద్రాసుకు సుమారు 430. వానమబ్బులు తక్కువ, నేల గట్టిది, పక్కనే రైలు.

పదమూడు గంటల లెక్క

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. మా సోషల్ మాస్టారు గ్లోబు మీద దారం లాగి పట్టుకుని రెండు ఊళ్ల మధ్య దూరం కొలవడం నేర్పారు. బిగించి పట్టుకున్న దారం గుండ్రటి భూమి మీద అతి దగ్గర దారిని చూపిస్తుంది. ఇప్పటి విమానాల కంప్యూటర్లు మొదట కట్టే లెక్క కూడా అదే. కరాచీ, మద్రాసుల మధ్య ఆ దారం పొడవు సుమారు 1,900 కిలోమీటర్లు.

మరి 1932లో విమానం ఎగిరింది ఎంత? కరాచీ - అహ్మదాబాదు 600, అహ్మదాబాదు - బొంబాయి 440, బొంబాయి - బళ్లారి 615, బళ్లారి - మద్రాసు 430. మొత్తం 2,085 కిలోమీటర్లు, అంటే దాదాపు 1,300 మైళ్లు. నాలుగు మజిలీలుగా విరిచినా తిన్నని దారికన్నా పదో వంతు మాత్రమే ఎక్కువైంది. ఎంత తెలివిగా ఊళ్లను ఎంచుకున్నారో చూడండి.

గంటకు 100 మైళ్ల చొప్పున 1,300 మైళ్లకు పదమూడు గంటలు. కానీ పట్టింది ఒకటిన్నర రోజు దాకా. మిగిలిన గంటలు ఏమయ్యాయి? పెట్రోలు పోయడానికి, సంచులు మార్చడానికి, అన్నిటికంటే ఎక్కువగా తెల్లవారడం కోసం ఎదురుచూడటానికి. చీకట్లో దిగే వీలుంటే ఆ ఉత్తరం అదే రోజు రాత్రికి మద్రాసు చేరేది. అంటే యంత్రం చేయగలిగిన పని వేరు, నేల మీది ఏర్పాట్లు చేయనిచ్చిన పని వేరు.

ఆ ఏర్పాట్లతోనే వాళ్లు సాధించింది తక్కువేమీ కాదు. మొదటి పూర్తి సంవత్సరం 1933లో ఆ చిన్న సంస్థ 1,60,000 మైళ్లు ఎగిరింది. 155 మంది ప్రయాణికులను, పదిన్నర టన్నులకు పైగా టపాను చేరవేసింది. 1938 నాటికి ఆ దారి మద్రాసు దాటి కొలంబో దాకా సాగింది. 1946లో ఆ సంస్థే ఎయిర్ ఇండియా అయింది. ఆ విజయాన్ని చూడటానికి విన్సెంట్ లేరు. 1942లో యుద్ధకాలంలో ఇండియా నుంచి ఇంగ్లండు వెళ్తూ ఆయన ఎక్కిన విమానం ఫ్రాన్సు తీరం దగ్గర గల్లంతైంది.

బళ్లారి తర్వాత హైదరాబాదు

కొంతకాలానికి ఈ మార్గంలో బళ్లారి స్థానంలోకి హైదరాబాదు వచ్చింది. నిజాం రాజ్యానికి టపా, ప్రయాణికులు రెండూ ఉన్నాయి. బేగంపేటలో మంచి విమానాశ్రయం తయారైంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. యుద్ధం తర్వాత మిగిలిపోయిన డకోటా విమానాలు చవగ్గా దొరికాయి. వాటితో హైదరాబాదు - మద్రాసు ప్రయాణం రెండు గంటల పైచిలుకుకు తగ్గింది. విమానయాన సంస్థలో ఉద్యోగం సంపాదించిన తొలి భారతీయ మహిళా పైలట్ ప్రేమ్ మాథుర్ చేరింది కూడా డెక్కన్ ఎయిర్‌వేస్‌లోనే. 1953లో జాతీయీకరణ జరిగి ఈ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

చీకటి సమస్యకు 1949లో చక్కటి పరిష్కారం దొరికింది. ఆ ఏడాది జనవరి చివర రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి ఒక్కో విమానం రాత్రి బయలుదేరి నాగపూరులో కలిసేవి. అర్ధరాత్రి అక్కడ సంచులు మార్చుకుని తెల్లవారేసరికి ఎవరి ఊరికి వాళ్లు తిరిగి చేరేవారు. పదిహేడేళ్ల క్రితం తెల్లవారడం కోసం ఆగిన ఉత్తరం ఇప్పుడు మనం నిద్రపోయేలోగా దేశం దాటుతోంది. యంత్రం బాగుపడింది, నేల మీది ఏర్పాట్లూ బాగుపడ్డాయి. అయితే నాగపూరులో కలిసే ఆ నాలుగు నగరాల్లో కరాచీ లేదు. 1947 తర్వాత అది మరో దేశం.

దూరం పెరిగిన వైనం

ఇంజనీర్లం ఒక ఊరికి ప్రయాణకాలం తగ్గుతూ పోతుందని అనుకుంటాం. 1932లో పదమూడు గంటల ఎగురుడు. ఇప్పటి జెట్ విమానానికి 1,900 కిలోమీటర్లు మూడు గంటల లోపు పని. ఢిల్లీ - చెన్నై విమానానికి పట్టే సమయమూ కొంచెం అటూఇటుగా అంతే.

కానీ కరాచీ నుంచి చెన్నైకి నేరుగా వెళ్లే విమానం లేదు. కొన్నేళ్లుగా భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఏ ఊరి నుంచి ఏ ఊరికీ నేరు విమానం లేదు. ఈ రోజు కరాచీలో ఉన్న మనిషి చెన్నై రావాలంటే ముందు పడమటికి ఎగిరి దుబాయి లాంటి చోటికి వెళ్లాలి. అది సుమారు 1,190 కిలోమీటర్లు. అక్కడ దిగి, గంటల తరబడి కూర్చుని, మరో విమానమెక్కి మళ్లీ తూర్పుకు సుమారు 2,900 కిలోమీటర్లు రావాలి. మొత్తం 4,100. పస్ మాత్ తిరిగిన దారికి దాదాపు రెట్టింపు. ఆకాశంలోనే ఆరు గంటలు, దుబాయిలో నిరీక్షణ దానికి అదనం. తొంభై ఏళ్లలో వేగం అయిదింతలు పెరిగితే ప్రయాణం ఆ మేరకు తగ్గలేదు. దూరమే పెరిగింది.

ఇది ఒక్కరోజులో జరగలేదు. దేశ విభజన తర్వాత కూడా చాలాకాలం బొంబాయి - కరాచీ విమానాలు నడిచాయి. 1965 యుద్ధంతో ఆగాయి. 1971 జనవరిలో ఒక భారత విమానాన్ని హైజాక్ చేసి లాహోరు తీసుకెళ్లి తగలబెట్టాక, పాకిస్తాన్ విమానాలు మన మీదుగా ఎగరకూడదని ప్రభుత్వం నిషేధించింది. దాంతో కరాచీ నుంచి ఢాకా వెళ్లే విమానాలు మన దేశం చుట్టూ తిరిగి కొలంబోలో ఆగి వెళ్లవలసి వచ్చింది. నేరుగా సుమారు 2,370 కిలోమీటర్లున్న దారి రెట్టింపుకు మించిపోయింది. ఒకే దేశంలోని రెండు భాగాలు ఒకదానికొకటి అంత దూరమయ్యాయి. ఆ ఏడాది ముగిసేలోగా అవి రెండు దేశాలే అయ్యాయి.

1976లో రాకపోకలు మళ్లీ మొదలయ్యాయి. తర్వాత 2002, 2003 సంవత్సరాల్లో ఆగాయి. 2019లో ఫిబ్రవరి నుంచి జూలై దాకా పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో అమాయకుల హత్యల తర్వాత రెండు దేశాలూ ఒకరి విమానాలకు ఒకరు ఆకాశం మూసుకున్నాయి. ఈ మూసివేతల వెనక ఉన్న కారణాలు చిన్నవని నేను అనడం లేదు. మనుషుల ప్రాణాలు పోయాక తీసుకున్న నిర్ణయాలవి. దూరం అనేది ఎక్కడెక్కడ తయారవుతుందో చూపించడానికే ఈ జాబితా.

జె.ఆర్.డి. టాటా కథలోనే దీనికి మంచి కొలమానం ఉంది. మొదటి ప్రయాణానికి ముప్ఫై ఏళ్లు నిండినప్పుడు, 1962లో, ఆయన అదే దారిలో పాతకాలపు లెపర్డ్ మాత్ విమానంలో కరాచీ నుంచి బొంబాయికి మళ్లీ ఎగిరారు. యాభై ఏళ్లు నిండిన 1982లో, 78 ఏళ్ల వయసులో, ఇంకోసారి ఒంటరిగా ఎగిరారు. అప్పటికి రెండు దేశాల మధ్య యుద్ధాలు జరిగి ఉన్నాయి. అయినా పాత మనిషి, పాత విమానం, పాత దారి అని కరాచీ నుంచే పంపించారు. ఈ దశాబ్దంలో యువ పైలట్ ఆరోహి పండిత్ అదే ప్రయాణాన్ని గుర్తుచేస్తూ జుహూకు ఎగిరినప్పుడు, బయలుదేరింది కరాచీ నుంచి కాదు, కచ్‌లోని భుజ్ నుంచి. భుజ్‌కూ కరాచీకీ మధ్య దూరం 300 కిలోమీటర్ల పైచిలుకు. అంటే దాదాపు మన గుంతకల్లు నుంచి హైదరాబాదు అంత.

మన ఇళ్లకు తగిలిన లెక్క

కరాచీతో మనకేం పని అనవచ్చు. మన బ్యాచ్‌ల్లో ఎంతమంది పిల్లలు అమెరికాలో, ఇంగ్లండులో ఉన్నారో లెక్కేసుకోండి. 2025లో ఆకాశం మూసుకున్నాక ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది. ఉత్తర అమెరికా విమానాలు కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో దిగాయి. 1932లో అహ్మదాబాదులో దిగినట్టే! ఎడ్లబండి మాత్రం లేదు. విమానాల రేట్లలోనూ, ఎయిర్‌పోర్టులో ఎదురుచూసే తల్లిదండ్రుల గంటల్లోనూ ఆ చుట్టుదారి కనబడింది.

జెట్ విమానాలు వచ్చి అరవై ఏళ్లు దాటింది. వాటి వేగం అప్పటి నుంచి పెద్దగా పెరగలేదు. ఇంధనం ఆదా చేయడానికి కొన్ని కాస్త నెమ్మదిగానే ఎగురుతాయి. కాబట్టి యంత్రం వైపు నుంచి మనకు దక్కే సమయం ఇప్పట్లో ఎక్కువ లేదు. నాలాంటివాళ్లు మంచి రన్‌వే వేస్తే, టాక్సీవే దగ్గరి దారిలో పెడితే నాలుగైదు నిమిషాలు మిగులుతాయి. ఆ నిమిషాల కోసం మేం నెలల తరబడి డ్రాయింగులు మారుస్తాం. ఇరుగుపొరుగు చెడితే గంటలే పోతాయి.

దీనికి వ్యతిరేక ఉదాహరణ మన పక్కనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు వైపు వెళ్లింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మన వైపు వచ్చాయి. బళ్లారి ఎవరిదన్న దానిపై అప్పట్లో రెండు భాషలవాళ్ల మధ్య మాటలు గట్టిగానే నడిచాయని మా పెద్దలు చెప్పేవారు. అయితే గీత పడినా రైలు ఆగలేదు. టికెట్టు కౌంటరు దగ్గర ఎవరూ ఏ రాష్ట్రమని అడగలేదు. గుంతకల్లు నుంచి బళ్లారికి ముందు ఎంత దూరమో తర్వాతా అంతే దూరం. పెళ్లి బట్టలు అక్కడే కొన్నాం, సంబంధాలు అక్కడే కలుపుకున్నాం. పటం మీద గీత పడగానే దూరం పెరిగిపోవాలనేమీ లేదని మనకు ఇంటి దగ్గరే రుజువుంది.

మన బడిలో ఇప్పుడు చదువుతున్న పిల్లలకు ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. గ్లోబు మీద దారం పెట్టి కరాచీ నుంచి చెన్నైకి దూరం కొలవండి. 1,900 కిలోమీటర్లకు దగ్గరగా వస్తే మీ కొలత సరైనదే, లెక్కల మాస్టారు మార్కులు వేయవచ్చు. ఆ తర్వాత, ఆ దారిలో విమానం ఎందుకు లేదని మాత్రం సోషల్ పీరియడ్‌లో అడగండి. జవాబు చెప్పడానికి ఒక పీరియడ్ చాలదు. అయినా అడగండి.